చెవులాయన కత్తిరించిన ఫోటోలు

ముప్పై నాలుగేళ్లుగా ఆయన మనుషులతో మాట్లాడిందంతా నాలుగే ముక్కలు. "గడ్డం కొంచెం దించండి. నవ్వకండి. కళ్ళు ఇటు. చెవులు రెండూ కనబడాలి." బస్టాండు ఎదురుగా, మెట్ల కింద ఇరుక్కున్న స్టూడియో ఆయనది. వెనక తెల్ల తెర, ముందు గుండ్రటి స్టూలు, గోడకో దువ్వెన, ఆ దువ్వెనకో తాడు. దువ్వెనకి తాడెందుకంటారా? అంతకుముందు జనం జేబుల్లో పడి వెళ్ళిపోయిన పదకొండు దువ్వెనల్ని అడగండి. అన్నీ పాస్‌పోర్టు సైజు ఫోటోలే తీస్తాడు. ఆయన పేరేమిటో ఎవరికీ గుర్తులేదు. అందరికీ చెవులాయనే.

ఆ పేరు ఊరికే రాలేదు. పెళ్ళినాడు పక్కన కూర్చున్న భార్యతో ఆయన అన్న మొట్టమొదటి మాట "జుట్టు కాస్త వెనక్కి తోయ్" అనేనట. కూతురు పుట్టినప్పుడు నర్సు తెచ్చి చూపిస్తే "హమ్మయ్య, రెండూ ఉన్నాయి" అన్నాడు. ఏవి రెండూ అని నర్సు అడగలేదు. పాపం, ఆవిడకీ ఫోటో ఈయనే తీశాడు.

ఆ కూతురే ఇప్పుడు హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. టీచరంటే టీచరే గానీ టెంపరరీ. మూడేళ్లుగా "వచ్చే ఏడాది చూద్దాంలే" అంటూ వచ్చారు హెడ్మిస్ట్రెస్, స్కూలంతా పెద్ద మేడమ్ అని పిలిచే ఆవిడ. ఈసారి తేల్చి చెప్పేశారు. శనివారం పిల్లలు తాము తీసిన ఫోటోలు చూపించి, వాటి గురించి రాసుకున్నది అందరిముందూ చదవాలి. బాగుంటే అక్కడికక్కడే పర్మనెంటు కాయితం మీద సంతకం. లేకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు.

శుక్రవారం పొద్దున కూతురు ఇరవై ఆరు ఫోటోలు తెచ్చి బల్లమీద పెట్టింది. ఒక్కొక్కటీ కేలండరంత.

"నాన్నా, వీటి అంచులు కాస్త కత్తిరించి, ఒక్కోటీ కవర్లో పెట్టి, రేపు నువ్వే తెచ్చెయ్యవూ? నాకు హాలు సర్దే పనుంది. నా ఉద్యోగం నీ చేతుల్లో ఉంది" అని చెప్పి పరుగెత్తింది.

నా ఉద్యోగం నీ చేతుల్లో ఉంది! ఆ ఒక్క మాటకి ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో ఫోటో చూడ్డం మొదలుపెట్టాడు. చూసినకొద్దీ నీరుగారిపోయాడు. ఒకటి రోడ్డట, మనిషి ఎక్కడో మూల చీమంత. ఒకటి బజారట, సగం మంది అటు తిరిగే ఉన్నారు. మబ్బులు, మెట్లు, నీడలు, గోడమీద పగుళ్ళు. ఒక్కదానికైనా ఆఫీసులో ముద్ర పడుతుందా అసలు?

"అయ్యో నా తల్లీ, ఇవి చూపిస్తే నీకు ఉద్యోగం ఎవరిస్తారే!" అని కత్తెర తీశాడు.

అన్నం సంగతి కూడా మర్చిపోయి సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఒక్కటి తప్ప ప్రతి ఫోటోలోనూ ఎక్కడో ఒకచోట రెండు చెవులున్న ముఖాన్ని వెతికి పట్టుకుని, దాని చుట్టూ పాస్‌పోర్టు సైజుకి కత్తిరించాడు. ఆకాశాలూ రోడ్లూ చెత్తబుట్టలోకి వెళ్ళిపోయాయి. కూతురి కోసం ఇంత శ్రద్ధగా ఏ పనీ చేసి ఎరగడు మానవుడు.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కవర్లు కూతురి చేతికిచ్చి, హాల్లో వెనక వరసలో కూర్చున్నాడు. తెరిచి చూసే తీరిక ఆమెకెక్కడిది? పైన పేర్లు చూసి పిల్లలకి పంచేసింది. పెద్ద మేడమ్ అప్పటికే ముందు కుర్చీలో, ఒళ్ళో ఆ కాయితం పెట్టుకుని కూర్చున్నారు.

మొదట ఓ పొడుగుపాటి కుర్రాడు లేచాడు. "అంతులేని ఈ రోడ్డు మానవ స్వేచ్ఛకు ప్రతీక" అని గంభీరంగా చదువుతూ కవర్లోది తీసి పైకెత్తాడు. అతని రెండు వేళ్ళ మధ్య బస్సు కండక్టరు ముఖం, వేలిగోరంత. చెవులు మాత్రం రెండూ భేషుగ్గా ఉన్నాయి. కుర్రాడు దాన్ని తిప్పి చూశాడు, కవరు దులిపి చూశాడు. రోడ్డు రాలలేదు.

హాలంతా గొల్లుమంది. కూతురి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి తండ్రికేసి చూస్తే, ఆయన ఆనందంగా, జుట్టు చెవుల వెనక్కి తోసుకోమని సైగ చేశాడు.

"ఎవరు చేసిన నిర్వాకమిది?" అన్నారు పెద్ద మేడమ్.

"నాదే తప్పు మేడమ్. అంచులు కత్తిరించమని నేనే మా నాన్నకి చెప్పాను. ఎంతవరకో చెప్పలేదు."

చెవులాయనకి ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాడు. "తప్పేముందండీ అందులో? ఎక్కడైనా ఒక్క చెవి పోయిందేమో చూపించండి!"

"మీరు కూర్చోండి." పెద్ద మేడమ్ పెన్ను మూత తీశారు. "మిగతావాళ్ళు కూడా చదివెయ్యండి. త్వరగా అయిపోతుంది."

కుక్కని తీసినవాడి ఫోటోలో కుక్కే ఉంది, నోరు మూసుకుని, చెవులు నిక్కబొడుచుకుని. చెవులాయన లెక్కలో అన్నిటికన్నా బాగా కుదిరింది అదే. తరవాత బజారులో వానని తీసిన పిల్ల లేచింది. రెండు వాక్యాలు చదివి ఆగిపోయింది. చేతిలో ఉన్న ముఖాన్నే చూస్తోంది.

"మేడమ్, ఇతన్ని నేనసలు చూళ్ళేదు. వాన బాగా పడాలని గంటసేపు అక్కడే నిలబడ్డాను. ఈయన నా ఎదురుగానే తడుస్తున్నాడట." రాసుకున్న కాయితం మడిచేసింది.

ఆ తరవాత ఎవరూ కాయితం చదవలేదు. ఈవిడెవరో నాకు తెలీదంటే నాకు తెలీదన్నారు. ఒకడు మాత్రం, "వీడు మా అన్నయ్య మేడమ్! ఆ టైములో కాలేజీలో ఉండాలి!" అని అరిచాడు. పెద్ద మేడమ్ కూడా నవ్వాపుకోలేకపోయారు. కానీ పెన్ను మూత పెట్టలేదు.

చివరగా ఓ కళ్ళజోడు పిల్ల లేచింది. ఆమె కవరొక్కటే నిండుగా ఉంది. ఫోటో కత్తిరించకుండా అలాగే ఉంది. కుట్టు మిషను, దాని ముందు ఖాళీ కుర్చీ, కిటికీలోంచి ఎండ. వెనక ఎర్ర పెన్సిలుతో పెద్ద అక్షరాలు. ఆ పిల్ల అవే పైకి చదివింది.

"మనిషి లేరు. మళ్ళీ రమ్మనండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల నవ్వలేదు.

"నేను వెలుగునీడల గురించి రాశాను మేడమ్. ఇది వెలుగు ఫోటో కాదు. అది మా అమ్మ కుర్చీ. పోయిన ఏడాది చనిపోయింది. క్లాసులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ స్టూడియో ఆయన ఒక్కరే కనిపెట్టారు, మనిషి లేదని."

చెవులాయన వరసలు దాటుకుంటూ ముందుకొచ్చాడు. పిల్ల చేతిలోంచి ఫోటో తీసుకుని, జేబులోని ఎర్ర పెన్సిలుతో తను రాసింది కొట్టేశాడు. కాసేపు ఆలోచించి కింద రాశాడు: "ఇది ఇలాగే ఉండాలి." రాసి, ఆ పిల్ల తల నిమిరి, కూతురి పక్కన నిలబడ్డాడు. ఇప్పుడాయనకి అర్థమైంది, తన కత్తెర కూతురి ఉద్యోగానికే ఎసరు పెట్టిందని.

"మేడమ్, కత్తిరించింది నేను. మా అమ్మాయికి ఏ పాపం తెలీదు" అన్నాడు చేతులు జోడించి.

"మూడేళ్లలో ఈ పిల్లలు కాయితం చూడకుండా మాట్లాడ్డం ఇదే మొదటిసారి" అన్నారు పెద్ద మేడమ్. "ఎవరివల్లయితేనేం, మీ అమ్మాయి క్లాసులో జరిగింది." సంతకం పెట్టి, కాయితం కూతురి చేతికిచ్చారు.

గేటు దాటాక కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీదు. "నాన్నా, ఉద్యోగం వచ్చింది నాన్నా!"

"వచ్చిందిలే" అన్నాడు చెవులాయన, వెనక్కి తిరిగి స్కూలుకేసి చూస్తూ. "మళ్ళీ రమ్మనండి అని రాశానే తల్లీ, అమ్మ లేని ఆ పిల్లకి."