ముక్తార్ ఎంచిన మైకులు

చండ్రుగొండ చుట్టుపక్కల మైకుసెట్టు ముక్తార్ అంటే తెలియనివాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లుగా పెళ్లయినా, దర్గా దగ్గర ఉర్సయినా, చర్చి కూటమైనా, పార్టీ మీటింగైనా ఆయన మైకే. డీజే బాక్సులొచ్చాక బేరాలు సగానికి సగం పడిపోయాయి. అయినా మైకు చేతికొస్తే చాలు, మనిషికి పాత దర్జా వచ్చేస్తుంది. "ఫలానా వారు మైకు దగ్గరికి వచ్చి రెండు మాటలు మాట్లాడాలి" అని ఆయన పిలిస్తే, సిగ్గుపడి వెనక నక్కిన ముసలమ్మ కూడా లేచి వచ్చేది. ఆయన లెక్కలో మంచి మైకంటే ఎదురుగా ఉన్న నోటిని తప్ప మరి దేన్నీ విననిది. పక్క చప్పుళ్లన్నీ వింటే అది కుయ్యిమంటుంది, మైకువాడి పరువు పోతుంది.

ఆయన భార్య అమీనా బీ ఊరి బయట జామాయిల్ నర్సరీలో పదకొండేళ్లుగా కూలి చేస్తోంది. ఇప్పుడు ఇల్లు నడుస్తున్నది ఆ కూలితోనే. ఆ నర్సరీని ఎత్తేస్తారన్న మాట ఈ మధ్యే పుట్టింది. హైదరాబాద్ ఆఫీసువాళ్లు కంప్యూటర్‌లో మీటింగు పెట్టి, ఇక్కడివాళ్లు చెప్పేది విని తేలుస్తారట. కూలికొచ్చే ఆడవాళ్లంతా అమీనానే మాట్లాడమన్నారు. ఆమెది పెద్ద గొంతు కాదు, కానీ మాట తడబడదు.

మేనేజర్ అనిల్‌కుమార్ ముక్తార్‌ను పిలిపించాడు.

"పోయిన మీటింగుల మా మాటల కన్నా ఫ్యాన్ మోతే ఎక్కువ ఇనవడ్డదట భాయ్. మంచి మైకులు జూడు."

ముక్తార్ ఖమ్మం పోయి, ఒక దుకాణంలో బతిమాలి రెండు రకాలు తెచ్చాడు. ఒకటి బల్ల మధ్యలో పెట్టే బిళ్లలాంటిది, గదిలో ఏ మూల మాటైనా పట్టేస్తుంది. రెండోది పొడుగు మెడ మైకు, ఎదుట కూర్చున్నవాడినే వింటుంది. బిళ్ల పెట్టి చూస్తే ఫ్యాను, రోడ్డు మీది లారీలు, ఎవరిదో దగ్గు, అన్నీ హైదరాబాద్ చేరాయి.

"ఇది సంత మైకు సార్, మనకొద్దు," అని నవ్వి పక్కన పడేశాడు. మెడ మైకులు మూడు బల్ల మీద బిగించాడు. సూపర్‌వైజర్ జాషువా హలో హలో అంటే, చాలా క్లియర్‌గా ఉందని అవతలివాళ్లు మెచ్చుకున్నారు. ముక్తార్ మీసం దువ్వుకున్నాడు.

మీటింగు రోజు బల్ల దగ్గర కుర్చీల్లో సార్లు కూర్చున్నారు. ఆడవాళ్లు ఎప్పటిలాగే గోడవార బెంచీల మీద సర్దుకున్నారు. తన చోటనే లేచి నిలబడి అమీనా మొదలుపెట్టింది.

"పదకొండేండ్ల సంది చేస్తున్నం సార్. ఒక్కపారి తీసేస్తే యాడికి పోతం? వచ్చే వానల దాంక సగం నర్సరీ అన్న ఉంచుండ్రి."

ఎంత బాగా చెబుతోంది! ముక్తార్ ఛాతీ పొంగింది. అంతలో ఆయన చూపు కంప్యూటర్ మీద పడింది. మాట వినబడితే లేచి ఆడాల్సిన ఆకుపచ్చ గీత నేలబారుగా పడి ఉంది. తెర మీది హైదరాబాద్ సారు చాయ్ తాగుతూ ఏవో కాగితాలు తిరగేస్తున్నాడు.

మెడ మైకులు గోడవార మాటను పట్టడం లేదని ముక్తార్‌కు అర్థమైంది. పరుగున పోయి ఒక మైకును అటు తిప్పితే సరిపోయేది. కానీ ఒకరు మాట్లాడుతుంటే మైకువాడు మధ్యలో దూరకూడదు, ముప్ఫై ఏళ్ల కట్టుబాటు. ఆమె ముగించనీ అనుకున్నాడు. ఆమె ముగించి కూర్చుంది.

"ఇంకెవరూ ఏమీ అనడం లేదు కదా? సరే అయితే, ఈ నెలాఖరుకు మూసేద్దాం," అన్నాడు తెర మీది సారు. అనిల్‌కుమార్ గోడవైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "సార్, ఒక్క నిమిషం..." అని ముక్తార్ లేచేసరికి తెర నల్లబడింది.

ఇంటికి నడుస్తూ అమీనా అడిగింది. "మంచిగనే చెప్పిన గదా? జర్రంత గూడ వణకలే. అంత ఇని గూడ మూసేస్తమన్నరు, ఎంత రాతిగుండెలో!"

ఆ సారు మీదకు నెట్టేసి ఊరుకోవచ్చు. ముక్తార్‌కు మనసొప్పలేదు.

"వాళ్లు ఇననే లేదు అమీనా. నేను తెచ్చిన మైకు నీ దాంక రాలే."

ఆమె ఆగిపోయింది. కోప్పడినా బాగుండేది.

"మరి మైకు కాడికి రమ్మని నన్ను పిలిస్తే వచ్చేదాన్ని గదా," అంది మెల్లగా.

ముక్తార్ ముప్ఫై ఏళ్లలో ఎందరెందరినో పేరుపెట్టి మైకు దగ్గరికి పిలిచాడు. ఇంట్లో రోజూ పిలిచే ఆ ఒక్క పేరు ఇవాళ మీటింగులో ఆయన నోట రాలేదు.