స్టీరింగు దగ్గర పిల్ల, వెనక ఆటోలో మా పెద్దత్త

మా పెద్దత్త పోయింది. మావాళ్లు స్థిరపడ్డ హిందీ ఊళ్లో, సిద్ధగోరా పేటలో తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలో, నిండు వయసులో పోయింది. కారు గుద్ది కాదు. ఈ మాట ముందే తేల్చడం ఎందుకంటే, కబురు చెప్పినప్పుడల్లా జనం మొదట అదే అడిగారు. తప్పు వాళ్లది కాదు. కార్లు గుద్దుకుంటే మనిషి ఒంట్లో ఏం విరుగుతుందనే విషయం మీద నా చేత పరిశోధన చేయిస్తున్నట్టు ఆవిడ ఊరంతా చాటింది.

నేను మెకానికల్ చదివాను. మా ఇంట్లో అదొక శిక్ష. మిక్సీ ఆగినా నన్నే పిలుస్తారు, గీజరు కారినా నన్నే. అలాంటి రోజుల్లో ఆవిడ కొడుకు, అంటే మా బావ, కొత్త కారు కొన్నాడు. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, చిన్న కూతుర్ని ఒళ్లో పెట్టుకుని, దాని చేతులు స్టీరింగు మీద ఉంచి బయల్దేరాడు. పిల్ల హారన్ కొడుతుంటే వీధంతా మురిసిపోయింది. పెద్దత్త మాత్రం కారుకి అడ్డంగా నిలబడింది. రైల్వే గార్డు భార్య మరి. తను సరే అనకుండా బండి కదిలితే ఆవిడకి అన్నం సయించదు.

"దింపురా గుంటని."

"అమ్మా, కుఛ్ నహీ హోగా, ఏం కాదు. నా చేతుల్లోనే ఉంది కదా."

"నీ సేతులు స్టీరింగు మీదున్నాయి. గుంట మీదెక్కడున్నాయి?"

బావ నవ్వాడు. "ప్రూఫ్ ఏది? మన ఇంజినీర్ సాబ్‌ని తెమ్మను."

అలా తల్లీకొడుకుల తగువులోకి విజ్ఞానశాస్త్రం ప్రవేశించింది. నా ఆదివారాలు నిష్క్రమించాయి.

పరిశోధన పత్రాలు వెతకడమంటే ఏమిటో పాఠకులకి సవినయంగా మనవి చేస్తాను. పేరు కనిపిస్తుంది, పది వరుసల సారాంశం కనిపిస్తుంది, సరిగ్గా అసలు సంగతి మొదలయ్యే చోట డబ్బు కట్టమని తలుపు మూసేస్తారు. ఇక్కడేమో పొద్దున్నే ఫోను.

"ఏటిరా, దొరికిందా?"

"తాళం వేసుందత్తా."

"కాయితానికి తాళమేటిరా? అదేటి బీరువా?"

తెరుచుకున్న కాసిన్నింట్లోనూ బొమ్మలే. మనిషంత బొమ్మలు, పిల్లలంత బొమ్మలు. వాటిని కారులో కూర్చోబెట్టి గోడకి గుద్దిస్తారు. మెడ ఎంత వంగింది, ఛాతీ ఎంత నలిగిందని కొలుస్తారు. ఇదంతా చెబితే ఆవిడకి ముందు బొమ్మల మీద జాలి కలిగింది.

"ఆటికి బెల్టు ఎడతారా?"

"చాలావాటికి పెడతారత్తా."

"సూసినావా! బొమ్మకున్న గతి మన గుంటకి లేదు."

నేను వెతికినంతలో పిల్ల బొమ్మలన్నీ తమ సీట్లలోనే ఉన్నాయి. నడిపేవాడి ఒళ్లో ఒక్కటీ దొరకలేదు. నాకర్థమైనంత మాత్రం విప్పి చెప్పాను. గుద్దుకున్న క్షణంలో ఏ తండ్రి చేతులూ పిల్లని ఆపలేవు. వెనక తండ్రి బరువు, ముందు స్టీరింగు, అందులోంచి పేలినట్టు విచ్చుకునే ఎయిర్‌బ్యాగు. మధ్యలో పిల్ల. ఆ పూట ఆవిడ వేళాకోళమాడలేదు. "బ్రేకు ఎవుడూ సెప్పి ఎయ్యడు" అని ఫోను పెట్టేసింది.

బావ లొంగలేదు. సాక్చి బజారు ట్రాఫిక్‌లో తన కారు ఎడ్లబండి కంటే మెల్లగా పోతుందట. నాకు విసుగొచ్చి ఎవరో విదేశీ ప్రొఫెసరుకి సంగతంతా వివరిస్తూ మెయిల్ రాశాను. చాన్నాళ్లకి ఒక్క వాక్యం జవాబొచ్చింది. 'నడిపేవాడి ఒళ్లో బిడ్డ ఎందుకుంటుంది?'

నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దత్తకి పండగ.

"అడిగినాడు కదా, జవాబు సెప్పు" అంది కొడుకుతో.

బావ, "ముద్దుగా ఉంటాది" అన్నాడు.

"ముద్దు ముద్దే, బెల్టు బెల్టే."

ఆ వారం నుంచి ముందు బావ ఒక్కడూ కారులో, వెనక ఆటోలో మనవరాలితో పెద్దత్త. బిష్టుపూర్ గుడి దాకా అదే ఊరేగింపు. నేను జుట్టు పీక్కున్నాను.

"అత్తా, ఆటోకి బెల్టే కాదు, తలుపులు కూడా లేవు!"

"తెలుసురా. ఆటో మంచిదని ఎక్కలేదు. ఆడికి సిగ్గు రావాలని ఎక్కినాను."

చివరికి బావే దిగొచ్చాడు. వెనక సీట్లో పిల్లల సీటు బిగించాడు, పక్కన తల్లిని కూర్చోబెట్టాడు. పెద్దత్త చీర నలిగిపోతోందని సణుగుతూనే బెల్టు పెట్టుకునేది.

పెద్దకర్మ అయిన మర్నాడు గుడికి బయల్దేరాం. ఎవరూ చూడకముందే పిల్ల ముందుకెక్కి తండ్రి ఒళ్లో సర్దుకుంది. స్టీరింగు పట్టుకుంది.

"పోనీలేరా, ఈ ఒక్క పూట ఉండనీ. నానమ్మ కోసం బెంగెట్టుకుంది" అన్నారు చుట్టాలు.

బావ చెయ్యి పిల్ల వీపు మీదే ఉంది. కారుకి అడ్డంగా నిలబడే మనిషి లేదు. ఇన్ని పత్రాలు చదివిన నేనూ వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. బావే పిల్లనెత్తుకుని దిగాడు. వెనక్కి తీసుకెళ్లి, కాళ్లతో తంతున్నా వదలక, దాని సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు.

"పాపా గందే హై!" నాన్న చెడ్డోడని అరిచింది పిల్ల. సిద్ధగోరా దాటినా ఆపలేదు. సాక్చిలో పక్క ఆటోలవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. కారులో ఎవరూ దాన్ని ఊరుకోమనలేదు. బావ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, చెంపలు తుడుచుకోకుండా నడుపుతున్నాడు.