ఆ పాప ఇల్లు చేరిందా?

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో వైకింగుల కాలపు బానిసల నవల చదువుతున్నాను. అట్ట మీద గుండుతో, మెడకు ఇనుప పట్టీతో ఒక అమ్మాయి బొమ్మ ఉంది. పక్క సీట్లో ఉన్న పెద్దామెదీ గుండే. దాని మీద గంధం ఇంకా ఆరలేదు. బొమ్మను వేలితో తాకి, "ఈ పాప గూడా కొండకు పోయొచ్చిందా సార్?" అని అడిగింది. కొండంటే తిరుమల. విజయనగరం వాణ్ని, నాకు తట్టని ప్రశ్న అది.

"లేదమ్మా. సముద్రం దాటించి అమ్మేశారు. బానిసని అందరికీ తెలియాలని జుట్టు తీసేశారు."

ఆమె బొమ్మ మెడ మీది పట్టీని వేలితో తడిమింది.

"మా పాప కువైట్‌లో ఇంటిపనికి పోయుండాది. పాస్‌పోర్టు ఆ ఇంటోళ్లే పెట్టుకున్నారంట. ఆరు నెలలుగా ఫోను లేదు. అందుకే తలనీలాలు ఇచ్చినాను" అంది. తర్వాత మెల్లగా, "కడాకు ఈ పాప ఇల్లు సేరిందా సార్?" అంది.

"ఇంకా పది పేజీలున్నాయమ్మా."

"నేను దిగేలోపల సదివి సెప్పు సార్."

చదివాను. యజమాని చనిపోతే, ఆ అమ్మాయిని కూడా అతని చితి మీద పెట్టారు.

ఆమె దిగాల్సిన పూతలపట్టు వచ్చేదాకా అదే పేజీలో తల దించుకుని కూర్చున్నాను. ఆమె రెండుసార్లు నా ముఖంలోకి చూసింది. అడక్కుండానే దిగిపోయింది.