రిజిస్టరు మీద పడుకున్న పిల్ల

1976 ఆగస్టు. హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు పక్కన గాజుల బజారు వెనక గల్లీలు నా ఏరియా. అక్కడి మాతాశిశు కేంద్రంలో నేను లేడీ హెల్త్ విజిటర్‌ని. అంటే ఆసుపత్రిలో కూర్చుని రోగుల కోసం ఎదురుచూసే నర్సును కాదు. గుమ్మం గుమ్మం తిరిగి గర్భిణులను, బాలింతలను, పసిపిల్లలను చూసి, చూసిందంతా రాసుకొచ్చే మనిషిని. బందరులో బి.ఎస్సీ. చదివి, తర్వాత ట్రైనింగు చేసి, మా ఆయన ఉద్యోగంతో పాటు ఈ ఊరొచ్చాను. ఊరు మారినా నోరు మాత్రం బందరుదే.

నా సంచిలో ఒక పెద్ద పుస్తకం ఉండేది. దాని పేరు ఎలిజిబుల్ కపుల్ రిజిస్టరు. ఒక్కో దంపతులకు ఒక్కో పేజీ: భర్త, భార్య, వయసులు, బతికున్న పిల్లలు ఎందరు. మామూలు రోజుల్లో అది మంచి పుస్తకమే. ఆ ఏడు, ఎమర్జెన్సీలో మాత్రం పిల్లల గడిలో రెండు గానీ అంతకు మించి గానీ కనిపిస్తే, ఆ భర్త పేరు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జాబితాలోకి ఎక్కేది. మాకు టార్గెట్లు ఉండేవి. 'పైవాళ్ళు చెప్పారు, మేం చేశాం' అని ఇప్పుడు చేతులు దులుపుకునే సహోద్యోగులు నాకున్నారు. నేను దులుపుకోను. జూన్‌లో అదే గల్లీలో ఒక ఇంటి పేజీలో 'మూడు' అని రాశాను. నాలుగో రోజు ఆ ఇంటి ముందు జీపు ఆగింది. జీపెక్కుతూ ఆ ఇంటాయన నా వైపు చూడలేదు. గల్లీ మొత్తం చూసింది.

ఆ ఇంటికి నాలుగు గడపల అవతల ఖాదర్ ఉండేవాడు. లక్క గాజులు చేసేవాడు. భార్య షమీమ్, మూడేళ్ల కూతురు మున్నీ, అందరూ దాదీ అని పిలిచే అతని తల్లి. షమీమ్‌కు అది రెండో కాన్పు. నా లెక్క ప్రకారం రంజాన్ పండుగ దాటాక, అక్టోబరు మొదట్లో రావాలి. ఆగస్టు నెల మధ్యలో ఒక ఉదయం హోమ్ విజిట్‌కు వెళ్తే దాదీ గడప మీదే కూర్చుని ఉంది, తమలపాకుల డబ్బా పాన్‌దాన్ ఒళ్ళో పెట్టుకుని, దారికి అడ్డంగా.

"షమీమ్ ఏది దాదీ?"

"బార్కస్ పోయింది. అక్క దగ్గరికి."

"ఏడు నెలలు దాటిన మనిషిని ఈ వానలో పంపారా?"

"రిక్షా ఉంది, ఛత్రీ ఉంది. నీకేం ఫికర్?"

"చెప్పులు ఇక్కడే ఉన్నాయే!"

"కొత్తయి కొనిచ్చినం. గది గూడ రాసుకో."

వెనకనుంచి మున్నీ తొంగి చూసి, "మా ఇంట్ల బిల్లీ పిల్ల ఉంది. నన్ను సూడనిస్తలేరు" అంది. పిల్లి కూన మాట వినగానే దాదీ "చుప్!" అని కసిరింది.

అప్పుడు నేను ముందు గదిలో కూర్చున్న ఖాదర్ వైపు చూశాను. లక్క గాజు నిప్పు లేనిదే తయారు కాదు. కుంపటి మీద లక్క మెత్తబడాలి, కర్ర మీద సాగాలి, చల్లారేలోపు చమ్కీలు అద్దాలి. ఉదయం పది గంటలకు ఖాదర్ ముందు లక్క ముద్ద రాయిలా పడి ఉంది. కుంపటి లేదు.

"ఖాదర్, నీ కుంపటేది?"

అతను తల్లి వైపు చూశాడు. "బొగ్గులు అయిపోయినయ్ మేడమ్."

బొగ్గుల వాసన లోపలి గది తెర వెనకనుంచి వస్తోంది. ఆగస్టు ఉక్కలో తెర దించిన గదిలో నిప్పు ఎవరికి? నాకు మొదట కలిగిన అనుమానం పిల్ల గురించి కాదు. ఎవరో నాటు మంత్రసానితో కడుపు తీయించి, షమీమ్‌ను చావుకు దగ్గరగా పడుకోబెట్టి, నాకు బార్కస్ కథ చెబుతున్నారనుకున్నాను. దాదీ మోకాళ్ళ మీదుగా దాటి తెర ఎత్తాను.

కిటికీకి గోనెసంచులు కుక్కారు. గది నిండా పొగ. మంచం మీద షమీమ్ దగ్గుతోంది. పక్కన మామిడిపళ్ళ బుట్ట, బుట్ట నిండా దూది, దూది మధ్య పిడికెడు ముఖం. ముసలివాడి నుదురులా ముడతలు, భుజాల మీద నూగు వెంట్రుకలు. నాలుగు రోజుల ఆడపిల్ల.

"కుంపటి బయటికి!" అని అరిచాను.

"చలికి చస్తది నర్సమ్మా!" అని దాదీ అడ్డం వచ్చింది.

"ఈ పొగకు అంతకన్నా ముందే చస్తుంది. తీయవయ్యా ఖాదర్, ఏం చూస్తున్నావు?"

అతను తీశాడు. నేను సంచులు పీకాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లను మేము ప్రీమెచ్యూర్ అంటాం. అలాంటి పిల్లకు వెచ్చదనం కావాలన్న మాట నిజమే. దాదీ తప్పు వెచ్చదనంలో లేదు, మూసిన గదిలో ఉంది. మూసిన గది నా వల్ల.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం, నేనూ వస్తాను," అన్నాను.

"ఆడ ఏమడుగుతరో నాకెరుకే. ఎందరు పిల్లలంటరు. ఇద్దరంటే నా కొడుకును ఎటు తీస్కపోతరో గది గూడ ఎరుకే."

"నేను ఎవరికీ చెప్పను."

"జూన్ల గూడ నువ్వేం చెప్పలే. రాసినవ్, అంతే."

"జీపు నేను పంపలేదు దాదీ."

"కలం నీది, జీపు సర్కారుది. రెండూ మా గల్లీకే వచ్చినయ్ గదా!"

దాదీ చెయ్యి చాపింది. "మా పిల్లను సూడాల్నంటే కలం ఇయ్యి." ఇచ్చాను. దాన్ని పాన్‌దాన్‌లో వక్కలకూ యాలకులకూ మధ్య పెట్టి మూత వేసింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అదే పద్ధతి. గడప దగ్గర కలం ఇవ్వాలి, వెళ్ళేటప్పుడు తీసుకోవాలి. ఆ కలంతో రాసిన నా రిపోర్టులన్నీ యాలకుల వాసన వేసేవి.

అలాంటి పిల్లకు శత్రువులు ఇద్దరు, చలి ఒకటి, ఆకలి ఒకటి. చలికి షర్బత్ సీసాల్లో వేణ్ణీళ్ళు పోసి గుడ్డ చుట్టి బుట్టలో పెట్టించాను, మిగతా వేళ తల్లి ఎద మీద పడుకోబెట్టమన్నాను. ఆకలి సంగతే కష్టం. రొమ్ము పట్టి చప్పరించే శక్తిని సకింగ్ రిఫ్లెక్స్ అంటాం, ఆ పిల్లకు అది ఇంకా రాలేదు. పాలు పిండి రెండు గంటలకొకసారి చుక్క చుక్కగా పట్టాలి. మర్నాడు నా కూతురికి వాడిన వెండి ఉగ్గుగిన్నె మరగబెట్టి పట్టుకెళ్ళాను. దాదీ దాన్ని వెలుతురుకు పెట్టి తిప్పి చూసింది. ముక్కు ఉన్న గిన్నె ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఏం పూసినవ్ దీనికి?"

"ఏం పూస్తాను?"

"పిల్లలు పుట్టని మందు. ముందు నువ్వు తాగు."

గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని ఆమె ఎదుటే తాగాను. "సరేనా?" అన్నాను. "ఆగు," అని అరగంట కూర్చోబెట్టింది. మధ్య మధ్య నా కళ్ళలోకి చూస్తూ, "కడుపుల ఏమన్న అయితుందా?" అని అడిగింది.

"మండుతోంది."

"మండనీ. మందుకు కాదు గది, కోపానికి."

స్ప్రింగ్ బ్యాలెన్స్‌కు, అంటే కొక్కెం ఉన్న త్రాసుకు, గుడ్డ ఉయ్యాల కట్టి తూచాను. పదహారు వందల గ్రాములు. రాసుకోవడానికి కలం లేదు. దాదీ పాన్‌దాన్‌లోని సున్నం వేలితో తీసి, వంద గ్రాములకొక గీత చొప్పున గోడ మీద పదహారు గీతలు గీసింది. నా ఉద్యోగంలో చూసిన వెయిట్ చార్టులన్నిటిలోకీ నిజాయితీగలది అదే.

వారం తర్వాత తూస్తే పదిహేను వందలే. ఈ పిల్లలు మొదట కాస్త తగ్గుతారు, కానీ అప్పటికి కోలుకోవాలి. పెదవులు ఎండి ఉన్నాయి.

"తేనె నాకించారా?" అన్నాను.

"నీ తక్కెడ ఖరాబైంది."

"తక్కెడకేం కాలేదు."

"నీకు గట్లనే అనిపిస్తది. సర్కారు తక్కెడ గదా!" గోడ మీద ఆఖరి గీత తుడవమంటే చెయ్యి వెనక్కి లాక్కుంది. "నేను తుడవ."

దాదీ నమాజుకు లేచాక షమీమ్ తలదించుకుని గొణిగింది. "గిన్నె సందూక్‌ల ఉంది సిస్టర్. చెంచతోని పడుతున్నం. సగం బయటికే పోతున్నయ్. వెండిల మందు మెల్లగ దిగుతదని గల్లీల ఎవరో చెప్పిన్రు. ఇయ్యాల కాదు, పిల్ల పెద్దగైనంక తెలుస్తదట."

అరవాలనిపించింది. అరిస్తే తలుపు మూసుకుంటుంది, పిల్ల పోతుంది. అయినా ఇరవై ఏళ్ల తర్వాత పనిచేసే మందు గిన్నెలో లేదని నేనెలా రుజువు చేస్తాను? ఇంకో గ్లాసు నీళ్ళు తాగితే చాలుతుందా? ఆమెకు నా మీద నమ్మకం కలిగించడం నా వల్ల కాదు. నన్ను దెబ్బ తీయగలిగిన వస్తువు ఒకటి ఆమె చేతిలో పెట్టడం మాత్రం అవుతుంది.

నమాజు నుంచి వచ్చిన దాదీ ఒళ్ళో రిజిస్టరు పెట్టాను.

"ఏంది గిది?"

"మీ గల్లీ మొత్తం ఇందులో ఉంది. ఇది మీ దగ్గరుందని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. గోడ మీద పద్దెనిమిది గీతలయ్యేదాకా ఉంచుకోండి. గిన్నె బయటికి తీయండి."

ఆమె పేజీలు తిప్పింది. ఉర్దూ వచ్చు, తెలుగు రాదు. "నా కొడుకు ఏడున్నడు?" చూపించాను. "పిల్లలు?" వేలు పెట్టి చూపించాను. ఒకటి అంకె ఉర్దూలోనూ నిలువు గీతే. అది ఆమె చదవగలిగింది. పక్కన ఇంకో గీత ఉందేమోనని వేలితో తడిమింది. తర్వాత బుట్టలో దూది ఎత్తి, రిజిస్టరు కింద పెట్టి, పైన గుడ్డ, దూది పరిచి పిల్లను పడుకోబెట్టింది.

"దీన్ని తీయాల్నంటే పిల్లను లేపాలె. ఎవరు లేపుతరో సూస్త."

సందూక్ పెట్టె తాళం తీసింది.

రంజాన్ ఉపవాసాలు, రోజాలు, మొదలయ్యాయి. పగలు పాన్ వేయకపోయినా పాన్‌దాన్ ఆమె ఒడి దిగలేదు. షమీమ్ పాలు పిండేది, ఉగ్గుగిన్నె దాదీయే పట్టేది, ఒక్క చుక్క కింద పడనిచ్చేది కాదు. తూకం మళ్ళీ పదహారు గీతలకొచ్చింది, గోడ మీద పదిహేడోది పడింది. ఇటు మా ఆఫీసరు గారు రెండుసార్లు అడిగారు.

"రిజిస్టరేదమ్మా?"

"వానకు తడిసింది సార్. ఇంట్లో ఆరబెట్టాను."

"పన్నెండు రోజులు ఆరడానికి అది రిజిస్టరా, మామిడి తాండ్రా? రేపు నా బల్ల మీద ఉండాలి. లేకపోతే ఇద్దరం కలిసి ఏదో దాచుతున్నామనుకుంటారు. నేను ఉంటాను, మీరు ఆదిలాబాదు వెళ్తారు."

ఆయనకు అనుమానం వచ్చిందనడంలో సందేహం లేదు. ఎంత తెలుసో మాత్రం తెలియదు.

ఆ సాయంత్రం తూస్తే పదిహేడున్నర. బుట్ట నా ముందే ఉంది. పిల్ల నిద్రపోతోంది. దాదీ నా చేతులనే చూస్తోంది.

"పద్దెనిమిదన్నవ్."

"అన్నాను. రేపు రిజిస్టరు చూపించకపోతే నన్ను ఇక్కడినుంచి పంపేస్తారు. కొత్తామె వస్తుంది. ఆమె కలం మీ పాన్‌దాన్‌లో పెట్టదు."

"బెదిరిస్తున్నవా?"

"ఉన్నమాట చెబుతున్నాను. నేను మాత్రం పిల్లను లేపను."

ఖాదర్ ముందు గదిలో గాజు తిప్పడం ఆపాడు. దాదీ వంగి పిల్లను తనే ఎత్తుకుని, రెండో చేత్తో రిజిస్టరు లాగింది.

"లేపింది నేనే. యాద్ పెట్టుకో."

మర్నాడు ఆఫీసరు గారు అట్ట ముట్టుకున్నారు. ఉబ్బిపోయి, గుండ్రటి పసుపు మరకతో ఉంది. వాసన చూసి దూరంగా పెట్టారు. "నిజంగానే తడిసిందే!" అన్నారు. తడిసిందన్న మాట అబద్ధం కాకుండా ఆ పిల్లే కాపాడింది. ఖాదర్ పేజీ దగ్గర ఆయన వేలు ఒక్క క్షణం ఆగింది. ఒకటి. తిప్పేశారు.

పండుగ నాటికి పిల్ల రొమ్ము పట్టింది. మున్నీకి బిల్లీ పిల్లను చూపించారు. "తోక ఏది?" అని అడిగిందట.

మరుసటి ఏడు వసంతంలో ఎన్నికలయ్యాయి, ఢిల్లీలో ప్రభుత్వం మారింది, మా కేంద్రంలో టార్గెట్ అన్న మాట ఎత్తడానికే భయపడసాగారు. ఏప్రిల్లో ఒక రోజు అలవాటు కొద్దీ గడప దగ్గర కలం చాపాను. దాదీ పాన్‌దాన్ తెరవలేదు.

"ఇయ్యాల నీ దగ్గర్నే పెట్టుకో. రాయ్."

"ఏమని?"

"ఎందరుంటే గందర్ని రాయ్."

ఒకటి కొట్టేసి, రెండు అని వేశాను. పక్కన పిల్ల పేరు సుల్తానా అని, పుట్టిన తేదీ ఉన్నదున్నట్టు ఆగస్టు అని రాశాను. దాదీ వంగి చూసింది. మన రెండు అంకె ఉర్దూ రెండులా ఉండదు, అది ఆమెకు చదవడం రాదు. అయినా ఏమని వేశావని అడగలేదు.

"జీపు?" అంది.

"రాదు."

"నువ్వు చెప్తున్నవ్, అంతే గదా!" అని పాన్ నోట్లో వేసుకుంది.

ఇప్పుడు నా దగ్గర ట్రైనింగుకు వచ్చే అమ్మాయిలకు నేను నేర్పే మొదటి సంగతి బరువు తూచడం కాదు. గడప దాటేముందు కలం సంచిలో పెట్టుకోండి, ఇంట్లో నిప్పు ఎక్కడుందో చూడండి, తర్వాత ప్రశ్నలు అడగండి అంటాను. భయపడిన ఇల్లు అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధాన్ని పట్టుకున్నందుకు గర్వపడే ముందు, ఆ భయం ఎవరి సంచిలో వచ్చిందో చూసుకోవాలి.

ఆ రోజు ఖాదర్ ఇంటినుంచి వచ్చి ఆ పాత రిజిస్టరు మొదటినుంచి చివరిదాకా తిప్పాను. నా చేతిరాతలో ఎన్నో ఒకట్లు. నాకు కళ్ళు చురుకని పేరు. ఆ గల్లీలో ఒక గాజులవాడి ముందు కుంపటి లేదు గనుక పట్టుకున్నాను. మిగతా ఒకట్లలో ఎన్నిటి వెనక తెర ఉందో, ఏ తెర వెనక నిప్పు నేను వెళ్ళకముందే ఆరిపోయిందో, నాకు తెలియదు.