పసుపు రాసిన సంచిలో మట్టి

ఈ ప్రయాణానికి కారణం ఒక మట్టి సంచి, ఒక నీళ్ళ సీసా. నేను రాజమండ్రిలో మట్టి, నీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. ఇల్లు ధవళేశ్వరంలో. నాతో పదో తరగతి దాకా చదివిన సుభద్ర పెళ్ళయ్యాక భీమవరం అవతల, సముద్రం వైపు ఉన్న ఒక ఊరికి కాపురానికి వెళ్ళింది. ఊరి పేరు రాయవద్దని వాళ్ళాయన రంగరాజుగారి షరతు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఆ ఊళ్ళోనే రెండెకరాల చేను కొని సుభద్రకి ఇచ్చారు. ఆ చేను బియ్యం ఏటా ఒక బస్తా మా ఇంటికీ వస్తుంది. అది కాలువ శివారు భూమి. అంటే నీళ్ళు అందరి చేలూ తడిసిన తరవాత చివర్లో దానికి అందుతాయి, ఒక్కోసారి అందవు. రెండు దాళ్వాల నుంచి, అంటే రెండేళ్ళ ఎండాకాలపు పంటల నుంచి, అందులో వరి ఒక పక్కన పసుపుబారి చచ్చిపోతోంది, నేల ఉప్పెక్కిందని అనుమానం. చుట్టుపక్కల చేలన్నీ అప్పటికే చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయిపోయాయి. ఇది కూడా తవ్వించేద్దామని రంగరాజుగారు, ఒకసారి తవ్వితే మళ్ళీ చేను అవదని సుభద్ర. మొగుడూ పెళ్ళాల మధ్య చాలా రోజులు నడిచాక, పరీక్ష చేయిద్దాం, మట్టి బాగుంటే ఉంచుదాం, లేకపోతే పొక్లెయిన్ పిలుద్దామని ఒప్పందం కుదిరింది.

సంచి బస్సులో వచ్చింది. గుడ్డసంచి, అంచులకి పసుపు రాసి ఉంది. పరీక్ష చేస్తే ఉప్పు లేదు, సత్తువ పుష్కలంగా ఉంది. సీసాలో నీళ్ళయితే తాగడానికి కూడా పనికొచ్చేంత బాగున్నాయి. సంతోషంగా రిపోర్టు పంపాను. నాలుగు రోజులకి రంగరాజుగారు ఫోన్ చేశారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు, అదే ఇబ్బంది.

"మీ రిపోర్టు ప్రకారం మా చేను బంగారమండి. మరి బంగారంలో వరి ఎందుకు చచ్చిపోతోందో అది కూడా రాయాల్సిందండి."

పరీక్షల మీద తనకి నమ్మకం పోయిందనీ, సోమవారం మిషను వస్తోందనీ చెప్పి ఫోన్ సుభద్రకి ఇచ్చారు. అది "నువ్వొకసారి రావే" అని ఊరుకుంది. స్కూల్లో లెక్కల మాస్టారు బల్లెక్కించినప్పుడు కూడా ఏడవని మనిషి గొంతు అలా వినిపించేసరికి నాకు మనసాగలేదు. శనివారం సెలవు పెట్టాను.

ఆ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి రైలు మంచిది. రాజమండ్రిలో పొద్దున్నే పాసింజరు ఎక్కితే వంతెన మీద సూర్యోదయం ఉచితంగా చూడొచ్చు. నిడదవోలు దగ్గర బండి ప్రధాన మార్గం వదిలి తణుకు మీదుగా భీమవరం వైపు తిరుగుతుంది. నిడదవోల్లో ఇంచుమించు అరగంట ఆగుతుంది కాబట్టి ఇడ్లీ తిని, కాఫీ తాగి, ఇంకో ఇడ్లీ తినడానికి కూడా సమయం ఉంటుంది. టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. నా ఒళ్ళో ఒక పక్కన ఉప్పు కొలిచే చిన్న మీటరు ఉన్న సంచి, ఇంకో పక్కన ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. మీటరు కంటే పూతరేకుల్నే ఎక్కువ జాగ్రత్తగా పట్టుకున్నానని ఒప్పుకుంటున్నాను. మీటరు కింద పడితే ఆఫీసువాళ్ళు అడుగుతారు, పూతరేకులు విరిగితే సుభద్ర అడుగుతుంది.

తణుకు దాకా కిటికీలోంచి అంతా పచ్చగా ఉంది. భీమవరం దగ్గరపడుతుంటే పచ్చదనం మధ్యలో నీళ్ళు మెరవడం మొదలైంది. తొమ్మిదిన్నరకి దిగి పల్లెవెలుగు బస్సు పట్టుకున్నాను. అక్కణ్ణించి ముప్పావుగంట. బస్సు దారిలో సగం దూరం రెండు పక్కలా చెరువులే. గట్ల మీద కొబ్బరిచెట్లు, మేతబస్తాలు, నీళ్ళు చిమ్మే ఫ్యాన్లు. చూడ్డానికి అందంగానే ఉంటుంది. అందంగా లేదంటే అబద్ధమవుతుంది. బస్సు దిగాక ఊళ్ళోకి ఆటో. నా చేతిలో సంచి చూసి డ్రైవరు చెరువు లీజుకి వచ్చారా అని అడిగాడు. కాదన్నాను. మేత కంపెనీయా అన్నాడు. కాదు, మట్టి చూడ్డానికి వచ్చానన్నాను. అతను అద్దంలోంచి నా వైపు చూశాడు.

"మట్టి చూడ్డానికి రాజమండ్రి నుంచి వచ్చారాండి? అక్కడ లేదా అండి మట్టి?"

ఉంది గానీ ఇక్కడిది ఉప్పగా ఉందంటున్నారు అన్నాను. ఉప్పు కాక పంచదార ఉంటుందా అండి సముద్రం పక్కన, అని అతను ఇంటిముందు దింపి పది రూపాయలు తీసుకున్నాడు.

రంగరాజుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. తెల్లపంచె, తెల్లచొక్కా. రండమ్మా అని మర్యాదగా లేచి కుర్చీ వేసి, ప్రయాణం బాగా జరిగిందా అని అడిగారు. రిపోర్టు మాట ఎత్తలేదు. ఆ మర్యాదకే నాకు చెమట పట్టింది. సుభద్ర లోపలికి తీసుకెళ్ళి చెంబుతో నీళ్ళిచ్చింది. తాగబోతూ చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి, చెంబు అడుగున గీతలు కూడా కనిపిస్తున్నాయి. వంటింటి మూల ఇత్తడి బిందె, దాని పక్కన చిన్న సానరాయి, రాయి మీద అరిగిన ఇండుపగింజ. కాలువ నీళ్ళు బురదగా ఉంటాయి కాబట్టి మా వైపు ఆ గింజ అరగదీసి బిందెలో కలుపుతారు. మడ్డంతా అడుక్కి దిగిపోతుంది. మా అమ్మ కూడా అలాగే చేసేది. చెంబు చేతిలోనే ఉండగా నాకు అనుమానం వచ్చింది.

"సుభద్రా, నాకు సీసాలో పంపిన నీళ్ళు ఎక్కడివే?"

"ఇవే. ఇంకే నీళ్ళు పంపుతాను?"

"చేనుకి పెట్టే నీళ్ళు పంపమన్నాను కదే."

"ఆ మురుగుకాలవ నీళ్ళా? సీసాలో పోసి మీ ఆఫీసుకి పంపనా? పదిమంది చూస్తారు కదే. ఫలానా రాజుగారింటి నీళ్ళు ఇలా ఉన్నాయని చెప్పుకోరూ? మంచినీళ్ళ చెరువులోంచి తెప్పించి, గింజ వేసి తేర్చి, వడగట్టి మరీ పంపాను."

నేను మెల్లగా మట్టి గురించి అడిగాను. అదీ అంతే. చచ్చిపోయిన వరి మొదట్లోంచి తీయడానికి మనసొప్పక, తూము పక్కన ఏటా పశువుల ఎరువు వేసి నారు పోసే మడిలోంచి తీసిందట. ఎండబెట్టి, గడ్డలు చిదిపి, పిండి జల్లెడతో జల్లించి, ఊరు దాటి వెళ్ళే వస్తువు కదా అని సంచికి పసుపు రాసింది. పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు మట్టిని ముస్తాబు చేసి పంపింది. నేను గోడకి ఆనుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. అది మొదట చిన్నబుచ్చుకుంది, తరవాత తనూ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయింది.

"అయితే అసలు మట్టి బాగాలేదేమోనే" అంది.

అదీ అసలు భయం. ఇప్పటిదాకా తప్పుడు రిపోర్టయినా దాని పక్షాన ఉంది. ఇప్పుడు అదీ పోయింది. నాకు కూడా నవ్వు ఆగిపోయింది. భోజనం తరవాత చూద్దామని రంగరాజుగారన్నా వినకుండా, ముగ్గురం గొడుగులు వేసుకుని చేలోకి నడిచాం. దారిలో ఆయనకి సంగతి చెప్పాను. ఆయన భార్య వైపు చూశారు. మీసాల కింద నవ్వు దాచుకోవడానికి కష్టపడుతున్నారని తెలిసింది.

తూము దగ్గర మొదలుపెట్టాం. చారెడు మట్టి తీసి, నేను తెచ్చుకున్న శుద్ధమైన నీళ్ళలో కలిపి, కాస్త తేరనిచ్చి మీటరు ముంచడం. మట్టిలో ఎంత ఉప్పుంటే మీటరులో అంకె అంత పెరుగుతుంది. తూము దగ్గర అంకె బాగుంది. అక్కడ వరి కూడా మోకాలెత్తున నిగనిగలాడుతోంది. చేను మధ్యలో కొంచెం పెరిగింది, ఫరవాలేదు. ఇంకా ముందుకి వెళ్ళాం. అవతలి గట్టు దగ్గరికి వచ్చేసరికి నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది, దుబ్బులు ఎండి వాలిపోయి ఉన్నాయి. మీటరు ముంచితే అంకె ఎగిరి కూర్చుంది. సుభద్ర నా భుజం మీంచి చూస్తోంది. అంకెల అర్థం దానికి తెలియదు గానీ నా ముఖం చూసి గొడుగు మూసేసింది.

గట్టెక్కి అవతలికి చూశాను. గట్టుకి అవతల నిండుగా రొయ్యల చెరువు. రొయ్యలకి ఉప్పునీరు పెడతారు. ఆ నీరు చేను కంటే ఎత్తులో ఉంది, గట్టు కిందనుంచి ఇటు ఊరుతోంది. గట్టు మొదట్లో వేలు పెడితే తడి తగిలింది. దానికి తోడు, కాలువ నీళ్ళ వంతు రాని రోజుల్లో రంగరాజుగారు ఇంజను పెట్టి మురుగుకాలువ నీళ్ళు తోడింది కూడా ఈ మూలకే. ఆ నీళ్ళూ కొలిచాను, అవీ ఉప్పనే. చెరువు ఎవరిదని అడిగితే ఆయన ఇబ్బందిగా కదిలారు. వరసకి ఆయన బావమరిదిదట. ఈ వ్యాసంలో ఊరి పేరు లేకపోవడానికి కారణం అదే.

"అయితే చేనంతా పోలేదా అమ్మా?" అని అడిగారాయన.

పోలేదండి, ఒక అంచే పోయింది, అది కూడా బాగుపడొచ్చు అన్నాను. ఇటు పక్కన, సొంత చేలోనే, గట్టు పొడుగునా లోతుగా ఒక కాలువ తవ్వితే ఊరే ఉప్పునీరు అందులోకి దిగి మురుగుకాలువలోకి పోతుంది. మురుగునీళ్ళు తోడడం మానాలి. కోతలయ్యాక తడి ఉండగా పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ గింజలు చల్లి, అది ఎదిగాక నేలలో కలియదున్నాలి. వానాకాలం సార్వా పంటలో కాలువ నీళ్ళు పుష్కలంగా వచ్చినప్పుడు ఆ అంచులో నిలగట్టి వదిలేస్తూ ఉప్పు కడగాలి. ఒక్క పంటకి అవుతుందని మాట ఇవ్వలేను, రెండు మూడు పంటలు పట్టొచ్చు, ఆ అంచులో మొదట్లో దిగుబడి తక్కువే ఉంటుందని కూడా చెప్పాను. ఆయన అంతా విని, గట్టు మీద ఆ చివరిదాకా నడిచి వచ్చారు. ఏం తేలుస్తారోనని సుభద్ర ఆయన వెనకాలే నడిచింది.

భోజనానికి ఇంటికి వచ్చాం. చింతచిగురు, రొయ్యలు. చేను పాడుచేసినవి ఇవేనా అని అడిగితే, అవును, ఆ చెరువువే, కసిదీరా తిను అంది సుభద్ర. వడ్డిస్తూ అది ఆయన ముఖమే చూస్తోంది. ఆయన పెరుగు కలుపుకుంటూ చివరికి నోరు విప్పారు.

"సోమవారం రమ్మని మిషను వాడికి మాట ఇచ్చేశానండి. వాడు వేరే పని వదులుకుని వస్తున్నాడు. మాట ఇచ్చి వెనక్కి పంపడం మా ఇంటా వంటా లేదండి."

సుభద్ర చేతిలో గరిటె ఆగింది. ఈ మాట పట్టింపు మనిషి దగ్గర సైన్సు ఏం పనిచేస్తుందని నేను అనుకుంటుండగా అది నెమ్మదిగా గరిటె గిన్నెలో పెట్టింది.

"వెనక్కి ఎందుకండి పంపడం? రమ్మనండి. చెరువు తవ్వడానికి వస్తే చెరువే తవ్వాలని ఉందా? మా శారద చెప్పిన కాలవ తవ్వించండి. అతనికి భోజనం కూడా ఇక్కడే పెడతాను."

రంగరాజుగారు దాని వైపు చూశారు, నా వైపు చూశారు. "ఆయ్, అది బాగుందండి. మిషను వాడికిచ్చిన మాట దక్కుతుంది" అన్నారు. ఈసారి మీసాల కింద నవ్వు దాచుకోలేదు. సుభద్ర ఆయన విస్తట్లో అడక్కుండానే ఇంకో గరిటె పెరుగు వేసింది. నాకు మాత్రం వేయలేదు.

సాయంత్రం బస్సు నాలుగున్నరకి. అది తప్పిపోతే రైలు అందదు, రాత్రికి భీమవరంలోనే ఉండాలి. రంగరాజుగారు స్కూటరు మీద బస్సు దాకా దింపి, కదిలేదాకా అక్కడే నిలబడ్డారు. రైల్లో తిరిగి వస్తూ ఆలోచించాను. నేల పాడయిందంటే మనం వెంటనే మొత్తం పాడయిందనుకుంటాం, తవ్వేయాలనుకుంటాం. చాలాసార్లు పాడయింది ఒక అంచే. ఆ అంచు దగ్గరికి వెళ్ళి చూడ్డానికి మనసొప్పదు, అంతే. సుభద్ర చేసిన పని నేనూ చేసేదాన్నేమో. మన ఇంటి వస్తువు పరాయివాళ్ళ ముందుకి వెళ్ళేటప్పుడు బాగున్న ముఖమే చూపించాలనుకోవడం మా గోదావరి వాళ్ళ రక్తంలో ఉంది. ఈ వయసులో అది పోదు, పోవాలని నాకూ లేదు. కానీ మట్టికి ఆ మర్యాద అక్కర్లేదు.

కాబట్టి ఆ వైపు వెళ్ళేవాళ్ళకి, వెళ్ళలేక మట్టి పంపేవాళ్ళకి నా సలహా ఒక్కటే: చేలో ఎక్కడ బాగాలేదో అక్కడి మట్టి తీయండి, ఎలా ఉన్నది అలాగే పంపండి. కాలువ తవ్విన తరవాతి సార్వా మధ్యలో సుభద్ర దగ్గర్నించి ఇంకో సంచి వచ్చింది. గడ్డలు గడ్డలుగా మట్టి, అందులో ఒక నత్తగుల్ల, వేళ్ళతో సహా రెండు వరి దుబ్బులు. సీసాలో నీళ్ళు మురికిగా, వాసనగా ఉన్నాయి. కొలిస్తే ఆ అంచులో ఉప్పు సగానికి పైగా దిగింది. వెంటనే ఫోన్ చేసి చెప్పాను. అది నేను చెప్పింది విన్నదో లేదో తెలియదు గానీ, "ఆ సీసా మీ ఆఫీసులో ఎవరికీ చూపించలేదు కదా?" అని అడిగింది. లేదన్నాను. సంచి మాత్రం ఇంకా నా బల్ల మీదే ఉంది. అంచులకి పసుపు ఈసారి కూడా రాసింది.