గురుగ్రహానికి కుంకుమ బొట్టు

నిమ్మకాయకు పసుపు రాసి, కుంకుమ పెట్టి రోడ్డు మీద వదిలితే మనవాళ్లు ఏమనుకుంటారో నాకు తెలియదా? చిన్నప్పటి నుంచి అలాంటివాటిని తప్పుకుని నడిచినదాన్నే. అయినా ఆ పొద్దున నా బుర్రకు తట్టలేదు. నా కంటికది గురుగ్రహం.

డిగ్రీ చివరి సెమిస్టర్. నాది చరిత్ర. చుక్కల మీద మోజుతో ఖగోళశాస్త్రం కూడా తీసుకున్నాను. క్లాసులో వింటుంటే ఎంత బాగుండేదో! వైవాలో మాత్రం సార్ ఇంగ్లీషులో అడిగేసరికి నోరు పెగల్లేదు.

"సౌరకుటుంబం నమూనా చేసి, నాకు చూపిస్తూ వివరించు. మళ్లీ మూగనోము పడితే ఫెయిలే," అన్నారు సార్. ఫెయిలైతే డిగ్రీ ఆగుతుంది, వచ్చిన బీఎడ్ సీటూ పోతుంది.

క్యాంపస్‌లో కాలేజీ మెట్ల మీద పెద్ద గుమ్మడికాయ పెట్టి సూర్యుడన్నాను. ఆ లెక్కన భూమి ధనియపు గింజ, గురుడు నిమ్మకాయ, శని ఉసిరికాయ. దూరాలూ అదే లెక్కన కొలిచి ఒక్కోదాన్ని రోడ్డు పొడుగునా పెట్టుకుంటూ పోయాను. చివరి నెప్ట్యూన్ రేగుపండు, కిలోమీటరు దాటాక తార్నాక మెట్రో దగ్గర. పచ్చి నిమ్మకాయ మీద గురుడి చారలకు రంగు దొరక్క హాస్టల్ గదిలోని పసుపు పూశాను. గురుడి మీది పెద్ద ఎర్ర మచ్చకేమో కుంకుమ. భలే కుదిరిందని మురిసిపోయాను కూడా!

సార్‌తో మెట్ల దగ్గర బయలుదేరాను. భూమి దగ్గర ఆయన మళ్లీ ఇంగ్లీషులో ఏదో అడిగారు. "ఎర్త్ సార్," అని ధనియపు గింజను చూపించాను, అంతే. ఆయన నిట్టూర్చి ముందుకు కదిలారు. అయిపోయింది నా పని అనుకున్నాను.

గురుడి చుట్టూ గుంపు! పొద్దున నడకకు వచ్చినవాళ్లంతా దూరంగా నిలబడి చూస్తున్నారు. స్కూటర్లు పక్కకు తిప్పుకుని పోతున్నాయి. సార్ వంగి నిమ్మకాయ తీయబోయారు.

"అయ్యో సార్, ముట్టకుండ్రి! ఎవరో దిష్టి తీసి పడేసిర్రు," అని ఒక పెద్దమ్మ కేకపెట్టింది. "పొద్దుగాల పొద్దుగాల గీడ పెట్టినోళ్ల చేతులు పడిపోను!"

ఆ చేతులు నావే! నాకు ఒళ్లు మండింది.

"దిష్టి కాదు పెద్దమ్మా, గురుగ్రహం! గా మెట్ల మీద గుమ్మడికాయ ఉన్నది చూడు, అది సూర్యుడు. సూర్యుడు గంతుంటే గురుడు గింతే. మన భూమైతే ధనియపు గింజంత!"

"మరి గీ బొట్టేంది?"

"బొట్టు కాదు, తుఫాను! ఎన్నో ఏండ్ల సంది తిరుగుతనే ఉన్నది. మన భూమి మొత్తం అండ్ల పడ్తది!"

ఇక నేను ఆగితే ఒట్టు. పెద్దమ్మ అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. నా వైవా సంగతీ చెప్పేశాను. నిమ్మకాయ బండ్ల కింద నలిగిపోతుందని తనే తీసి కొంగులో పట్టుకుని మా వెంట నడిచింది. ఉసిరికాయ దగ్గర, శని అనగానే రెండడుగులు వెనక్కి వేసి, దాని చుట్టూ ఉన్న అట్టముక్క వలయం చూసి నవ్వేసింది. సార్ చేతులు కట్టుకుని వెనకాలే వస్తున్నారు. ఆయన ఉన్నారన్న సంగతే మరిచిపోయాను. ఎంత హాయిగా ఉందో!

తార్నాకలో రేగుపండు దగ్గర పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"గుమ్మడికాయ కనబడ్తలేదేంది?"

"గంత దూరం మరి! నెప్ట్యూన్ మీదికెల్లి సూర్యుడు గూడ ఒక పెద్ద చుక్కనే. అందుకే గాడ గంత చలి."

పెద్దమ్మ సార్ వైపు తిరిగింది. "పిల్ల పాసేనా సార్?"

"మీకు అర్థమైందా అమ్మా?" అని అడిగారు సార్.

"మంచిగ సమజైంది. మా మనుమరాలికి నేనే చెప్త," అని కొంగులోంచి నిమ్మకాయ తీసి చూపించింది.

"అయితే పాసే," అన్నారు సార్.