నట్టింట్లో గుంజ

మా మామ కాశయ్య ఎవరింటికి పోయినా ముందు మనుషులను పలకరించడు. గడపలోనే నిలబడి తలెత్తి కప్పు చూస్తాడు. చేతికర్రతో దూలాన్ని ఒకసారి తట్టి, చెవి పెట్టి విని, ఆ తరువాతే "బాగున్నరా" అంటాడు. పెళ్లి చూపులకు మా పుట్టింటికి వచ్చిన రోజూ ఇంతే. పిల్లను చూడ్డానికి వచ్చాడా, ఇల్లు కొనడానికి వచ్చాడా అని మా అమ్మ వంటింట్లో నవ్వింది.

ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా పనిచేసిన మనిషి. భూమి కింద తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టి, వాటి నెత్తిన చెక్క చీలలు కొట్టి బిగించడం ఆయన పని. కప్పును కడ్డీతో కొడితే గట్టిగా మోగాలి. డొల్లగా మోగితే మనుషులను వెనక్కి పిలవాలి. "ఇనుము చెప్పకుండ విరుగుతది బిడ్డా. కర్ర గట్ల కాదు, విరిగే ముందు ఏడుస్తది. అది ఏడిస్తే మనిషి బయటికి రావాలె" అని నాకు చాలాసార్లు చెప్పాడు.

పింఛను మీద టేకులపల్లి వచ్చి ఈ పెంకుటిల్లు కొనుక్కున్నాక కూడా ఆ చెవి ఆయనను వదలలేదు. దానివల్ల ఊరికి మేలే జరిగింది. ఎవరి మంచం కోడు వదులైనా, ఎవరి తలుపు కిర్రుమన్నా అడగకముందే పోయి బాగుచేసి, చాయ్ కూడా తాగకుండా వచ్చేస్తాడు.

ఒకసారి ఆయనకు బాగా జ్వరం వచ్చి నేను తడిగుడ్డ వేస్తుంటే, తన మనసులో ఉన్నది నాకు చెప్పాడు. పందొమ్మిదేళ్ల కింద, పని ముగిసి అందరూ పైకి వస్తుండగా ఆయన స్నేహితుడు భీమయ్య గడ్డపార మరిచి వెనక్కి తిరిగాడట. "కప్పు మంచిగనే ఉంది, పో" అన్నాడు మామ. ఆ రోజు కప్పును చూశాడే గాని తట్టలేదు. కప్పు కూలింది, భీమయ్య తిరిగి రాలేదు. తట్టలేదన్న సంగతి మామకు తప్ప ఎవరికీ తెలియదు. ఇల్లందులో ఉన్న భీమయ్య భార్య నాగలక్ష్మికి ఏటేటా మామిడికాయలు, కొత్త బియ్యం ఎవరి చేతనో పంపేవాడు. తాను మాత్రం ఆ గడప తొక్కలేదు. "ఆమె ముంగట నిలవడి ఆ మాట చెప్పకుండ చస్తే నాకు గతి లేదు శోభా" అన్నాడు. నేను రామనామం చెప్పుకుంటూ గుడ్డ తడిపి వేశాను.

ఈ ఎండాకాలం మా ఆయన సతీష్, వానలు రాకముందే పెంకులు సర్దుతానని నిచ్చెన ఎక్కాడు. పది పెంకులు సర్దాడో లేదో కాలు జారి దూలం మీద పడ్డాడు. ఒక కాలు తొడ దాకా లోపలికి దిగి నట్టింట్లో వేలాడింది. కింద అప్పడాలు వేయిస్తున్న మా అత్త పిచ్చమ్మ తలెత్తి చూసి, "ఓరి కొడుకా, ఇంటికి తలుపున్నది గదరా, గట్లెందుకు వస్తున్నవ్!" అంది. పిల్లలు నేలమీద దొర్లి నవ్వారు. మామ నవ్వలేదు. దూలాన్ని తట్టి విన్నాడు.

"డొల్లవడ్డది."

మేస్త్రీని పిలుద్దామంటే వినలేదు. కోతమిల్లు నుంచి మద్దికర్ర తెప్పించాడు. నట్టింట్లో మూరెడు గుంత తీసి పాతి, దూలానికి ఆనించి, పైన చీల పెట్టి సుత్తితో బిగించాడు. ఇంటి నడుమ మనిషి నిలబడ్డట్టు ఉంది ఆ గుంజ.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం అది మొదటిసారి పలికింది.

నేనొక్కదాన్నే బియ్యం ఏరుతున్నాను. వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది. తిరిగి చూస్తే గుంజ తప్ప ఏమీ లేదు. గోడ గడియారం రెండు దాటింది. మరునాడు అదే వేళకు మళ్లీ పలికింది. ఈసారి గొంతు సవరించుకున్నట్టు కాదు, ఎవరో ఏదో అడిగితే "ఊఁ" అన్నట్టు. ఎండకు కర్ర సాగుతుందని సతీష్ అన్నాడు. నిజమే కావచ్చు. కాని గుంజ అడుగున నేల మీద రోజూ నల్లటి పొడి రాలేది. నేను ఊడ్చేదాన్ని, మర్నాడు మళ్లీ ఉండేది. కప్పుకు పట్టిన పొయ్యి మసే అనుకున్నాను. వేళ్ల మధ్య నలిపితే మసిలా జిడ్డుగా కాక బొగ్గులా గరగరలాడింది. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. దేవుడి పటం ముందు ఇంకో వత్తి ఎక్కువ వెలిగించాను.

గుంజ పలికినప్పుడల్లా మామ వచ్చి చీలను ఇంకో రెండు దెబ్బలు వేసేవాడు. మా కంచాలన్నీ వసారాలోకి మారాయి. నట్టింట్లో ఎవరూ కూర్చోవద్దన్నాడు.

"గుంజకు తాళి కట్టినవా ఏందయ్యా? పొద్దుగాల లేస్తే దాని మొఖమే చూస్తున్నవ్" అని అత్త దెప్పింది.

"నీ మొఖం చూడవట్టి నలభై ఏండ్లాయె. అదన్న అప్పుడప్పుడు మెల్లగ మాట్లాడుతది."

సెలవులు అయిపోకముందే పిల్లలను భద్రాచలం, పర్ణశాల తిప్పుకొస్తానని సతీష్ బండి కిరాయికి మాట్లాడాడు. మామ రానన్నాడు. మా చిన్నది చేతికర్ర లాక్కుపోయి బండిలో దాచింది. ఇక తప్పలేదు. బయలుదేరే ముందు చీలను నాలుగు దెబ్బలు కొట్టి వచ్చి కూర్చున్నాడు.

నేనొక పని చేశాను. పక్కింటి సోమ్లవ్వది రేకుల ఇల్లు. మధ్యాహ్నమైతే పెనం మీద ఉన్నట్టే. పొద్దు వాలేదాకా మా వసారాలో పడుకోవడం ఆమెకు అలవాటు. రెండు చెవులూ వినపడని ముసలమ్మ, అంత ఎండలో ఎక్కడికి పోతుందని తాళంచెవి ఆమె కొడుకు బద్యాకు ఇచ్చాను. కోళ్లకు గింజలు వెయ్యమని, అవ్వను లోపల చల్లగా పడుకోబెట్టమని చెప్పాను. నట్టింటి సంగతి చెప్పడం మరిచాను.

రామయ్య దర్శనం తృప్తిగా జరిగింది. పర్ణశాలలో పిల్లలు ఐసులు తిన్నారు. ఒక కోతి అత్త చేతి అరటిపండు గుంజుకుంటే, "నీ ఇల్లు బంగారంగాను, పొట్టు నాకిచ్చి పండు నువ్వు తింటివి" అని ఆమె తిట్టింది. గోదావరి ఒడ్డున చెట్టు కింద పులిహోర విప్పాను. మామ కూడా చాలా రోజుల తరువాత నవ్వుతూ తింటున్నాడు.

నోటి దగ్గరి ముద్ద అట్లే ఆగింది.

"విన్నవా?"

"ఏంది మామా?"

నాకేమీ వినపడలేదు. కాని అంతసేపూ గోలచేసిన కోతులు కొమ్మల మీద కదలకుండా కూర్చున్నాయి. ఒక్కటీ అరవడం లేదు. సతీష్ ఫోను చూశాను. రెండు గంటల ఐదు నిమిషాలు.

"ఇంట్ల ఎవ్వరు లేరు గద?"

తాళంచెవి సంగతి చెప్పాను. మామ ముద్దను ఆకులో పెట్టి లేచాడు.

బద్యా ఫోను కలవలేదు. ట్రాక్టరు మీద అడవి అంచు చేలల్లో ఉంటాడు, అక్కడ సిగ్నల్ ఉండదు. ఇంకో ఇద్దరికి చేస్తే ఎత్తలేదు. దారి పొడుగునా మామ చేతికర్రతో బండి పైభాగాన్ని తడుతూనే ఉన్నాడు. తట్టడం, వినడం. తట్టడం, వినడం. అత్త కూడా ఆపమనలేదు. నేను కళ్లు మూసుకుని, ఆ ముసలమ్మకు ఏమైనా అయితే ఆ పాపం నాదే స్వామీ అనుకున్నాను.

మా వీధి మొదట్లోనే జనం కనిపించారు. బండి పూర్తిగా ఆగకముందే మామ దూకాడు. నట్టింటి కప్పంతా కూలింది. పెంకులు, వాసాలు, విరిగిన దూలం కుప్పగా పడి ఉన్నాయి. వాటి నడుమ గుంజ ఒక్కటే ఆకాశం కింద నిటారుగా నిలబడి ఉంది. దాని నెత్తిన ఇప్పుడు ఏమీ లేదు.

ఎవరో "అవ్వ మంచిగనే ఉంది మామా" అని అరుస్తున్నారు. ఆయనకు వినపడలేదు. కుప్ప మీద పడి రెండు చేతులతో పెంకులు ఎత్తి పారేస్తున్నాడు.

"భీమా! ఓ భీమా! వస్తున్నరా!"

ఆయన వేళ్ల నుంచి నెత్తురు కారుతోంది. సతీష్ పట్టుకున్నా విదిలించుకున్నాడు. చివరికి సోమ్లవ్వే చేతిపంపు గట్టు మీది నుంచి లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. మామ తిరిగి చూసి, ఆమె పాదాల దగ్గరే కూలబడ్డాడు.

"గిప్పుడెందుకు ఏడుస్తవ్ కాశన్నా? నువ్వే గద నన్ను బయటికి పిలిచినవ్."

"ఎప్పుడు?" అన్నాను నేను, చేత్తో సైగ చేస్తూ.

"నిద్రల ఉన్న. గడపల నిలవడి, బయటికి రా, బయటికి రా అని పిలిచిండు. మంచిగ ఇనవడ్డది. ఎండ ఎన్కనుంచి కొడుతుంటె మొఖం అవుపడలె, నల్లగ ఉంది. లేసి వాకిట్లకొచ్చిన. చూస్తె ఎవ్వరు లేరు. ఎన్క ఇల్లు కూలింది."

మేము అప్పుడే పర్ణశాల నుంచి వచ్చామని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఎవరి పిలుపైనా వినపడి ఆరేళ్లయిందని మా వీధిలో అందరికీ తెలుసు.

మరునాడు మా ఊరి మేస్త్రీ శ్రీశైలం వచ్చి గోడ పైన దూలం కూర్చునే గూటిలో చెయ్యిపెట్టి చూశాడు.

"కాశయ్య మామా, ఏమనుకోకు. బాయిల నెత్తిన కొండంత బరువు ఉంటది, ఎంత బిగిస్తె అంత ఆగుతది. గీడ నెత్తిన ఏముంది, నాలుగు పెంకలాయె. నువ్వు బిగించి బిగించి దూలాన్ని గూట్లకెల్లి పైకి లేపినవ్. పగిలిన దూలమైనా ఇంక పదేండ్లు ఆగేది. కూలగొట్టింది గుంజే."

మేస్త్రీ పోయేదాకా మామ తల వంచుకునే ఉన్నాడు. తరువాత నా వైపు చూశాడు.

"ఇల్లందు పోదాం బిడ్డా. తోడు రా."

పొద్దున్నే బస్సెక్కాం. నాగలక్ష్మిది రెండు గదుల ఇల్లు. మామను చూసి ఆమె కొంగు సర్దుకుని చాప పరిచింది. ఆయన కూర్చోలేదు. కట్లు కట్టిన చేతులు జోడించి, నిలబడే అంతా చెప్పాడు. తట్టలేదు చెల్లే అన్నాడు. చూసిన గాని తట్టలేదు అన్నాడు. ఆమె గడప వైపు తిరిగింది.

"పందొమ్మిదేండ్లు మామిడికాయలు పంపినవ్ అన్నా" అంది. గొంతులో కోపం ఉంది. "నాకు కాయలు గావాల్నా? ఆయన ఆఖరికి ఏం మాట్లాడిండో చెప్పెటోడు గావాలె. ఎవల్ని అడిగినా తెల్వదన్నరు. నువ్వు రాకనేపోతివి."

మామ జోడించిన చేతులు దించాడు.

"చాయ్ చెప్పురా, ఇప్పుడే వస్తున్న అన్నడు. నవ్వుకుంటనే పోయిండు."

"వస్తున్న అన్నడా?"

"అవ్ చెల్లే."

ఆమె ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. మామ గోడకు ఆనుకుని మెల్లగా చాప మీద కూర్చున్నాడు. తరువాత ఆమె ముఖం కడుక్కుని వంటింట్లోకి పోయింది. అల్లం దంచిన చప్పుడు వినిపించింది. పళ్లెంలో చాయ్ తెచ్చి మా ముందు పెట్టింది. మేము ముగ్గురం. గ్లాసులు నాలుగు.

ఎవరిదని నేను అడగలేదు. మామ నాలుగో గ్లాసును పిల్లల కాలు తగులుతుందేమో అన్నట్టు గోడవారకు జరిపి, తన చాయ్ ఊదుకుంటూ తాగడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో చిన్నపిల్లలు లేరు.